కుసుమ గారి ఉప్పు పురుగులు

కైకలూరు దాటి ఉప్పుటేరు వైపు పోయే రోడ్డులో, చేపల చెరువుల మధ్య, పచ్చటి నెట్టు కప్పిన షెడ్డు ఒకటుంది. లోపల నడుమెత్తు సిమెంటు తొట్లు. వాటిలో జానెడు మందాన ఇసుక, ఆ ఇసుక మీద బెత్తెడు ఉప్పు నీళ్ళు. ఊరికే చూస్తే ఇంకేమీ కనపడదు. కుసుమ గారు మణికట్టు మునిగేలా చెయ్యి పెట్టి గుప్పెడు ఇసుక పైకి తీసి, వేళ్ళ సందుల్లోంచి జారనిస్తారు. అప్పుడు కనిపిస్తాయి, వేలెడు పొడవున, ఒంటికి రెండు పక్కలా దువ్వెన పళ్ళలాంటి కాళ్ళతో, ఎరుపులో ఆకుపచ్చ మెరిసే పురుగులు.

సముద్రం అంచు బురదలో బతికే జాతి అది. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీల వాళ్ళు పాలీకీట్స్ అంటారు. ఊళ్ళో ఉప్పు పురుగులంటారు. తల్లి రొయ్యకి ఇంతకన్నా మంచి మేత లేదు. ఇవి తిన్నాకే అది నిండుగా గుడ్లు పెడుతుంది. అందుకని హేచరీ వ్యాన్లు ఐసు పెట్టెలు వేసుకుని ఈ షెడ్డు దాకా వస్తాయి.

మంచి పురుగు ఏదో ఎలా తెలుస్తుందని నేనడిగితే కుసుమ గారు మాటల్లో చెప్పరు. ఒకదాన్ని తీసి అరచేతిలో వేస్తారు. అది ముడుచుకుని, మళ్ళీ సాగి, వేళ్ళ సందు వెతుక్కుని జారిపోతే మంచిది. బద్ధకంగా పడి ఉంటే కాదు. “ఆయన నేర్పిందేనండి. అంతకు మించి నాకేం తెలీదు” అంటారు.

ఆయన పేరు ఈశ్వరప్రసాద్. పోయి ఏడాది దాటింది.

కుసుమ గారి పుట్టిల్లు తాడేపల్లిగూడెం. నాన్న రైసుమిల్లులో తూకాల దగ్గర పనిచేసేవారు. ఇక్కడికి కోడలిగా వచ్చేసరికి అత్తవారికి వరి చేనూ, దాని పక్కన ఓ చేపల చెరువూ ఉన్నాయి. చేను మూలన బోరు వేయిస్తే ఉప్పు నీళ్ళు పడ్డాయి. కొల్లేటి పక్క అది కొత్తేమీ కాదు. మావగారు శ్రీరంగనాయకులు గారు ఆ బోరుకి మూత వేయించి, దాని ఊసెత్తద్దన్నారు. ఈశ్వరప్రసాద్ మాత్రం ఆ నీళ్ళని చేత్తో తీసి నాలిక మీద వేసుకుని, భార్య వైపు తిరిగి, “ఇవి పాడు నీళ్ళు కాదే, సగం సముద్రం. మనింటికొచ్చింది” అన్నాడట.

అక్కడ మొదలైంది. ఏరు సముద్రంలో కలిసే చోటికి బస్సు మీద పోయి, పాటుకి నీళ్ళు వెనక్కి తీసిన వేళ బురదలో మోకాళ్ళ లోతున దిగి, పురుగుల్ని తనే ఏరి తెచ్చాడు. మొదటిసారి తెచ్చినవి దారిలోనే చచ్చాయి. రెండోసారి తడి గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్క సీటాయన లేచి వెళ్ళిపోయాడట. ఇప్పుడు తొట్లలో ఉన్నవన్నీ ఆ సంచిలో వచ్చినవాటి సంతతే.

పోయినేడు వానాకాలంలో ఓ పొద్దున, చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటరు ఆగిందని చూడ్డానికి దిగాడు. తడిసిన వైరు. అంతే.

“నేను షెడ్డులోనే ఉన్నానండి” అని చెప్పారు కుసుమ గారు, తొట్టి వైపు చూస్తూ. “బ్లోయరు ఆగింది. కరెంటు పోయిందనుకున్నాను. పురుగులకి గాలి ఆడదని చెంబుతో నీళ్ళు తీసి పైనించి పోస్తూ నుంచున్నాను. తొట్టి తరవాత తొట్టి. మావయ్యగారు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. నేను ‘కరెంటు ఎప్పుడొస్తుందండీ’ అనడిగాను.”

ఏడుపు రాలేదట. ఊరంతా ఏడ్చారు, ఈవిడకి రాలేదు. సాయంత్రం మేత వేళకి లేచి షెడ్డుకి వెళ్ళారు. ఆ మాట ఊళ్ళో చాలా కాలం తిరిగింది. మొగుడు పోయిన పూట కూడా పురుగుల దగ్గరికి పోయిందని. అత్తగారు శేషారత్నం గారి చెవిన పడ్డప్పుడు ఆవిడ వీధి అరుగు మీదే నిలబడి, “మీ ఇంట్లో ఎవరన్నా పోతే గేదెలకి గడ్డి వెయ్యడం మానేస్తారేంటే?” అని అడిగారు. ఇంట్లోకొచ్చాక మాత్రం కోడలితో, “నువ్వూ ఓ చుక్క కన్నీళ్ళు పెట్టుకుంటే నాకీ తిప్పలుండవు కదా అమ్మాయ్” అన్నారు.

ఆ నెలల గురించి కుసుమ గారు చెప్పేది ఇంతే. పొద్దున లేవడం, బోరు మోటారు వెయ్యడం, జల్లెడ పట్టడం. కూతురు తేజశ్రీ తాడేపల్లిగూడెంలో అమ్మమ్మ దగ్గర చదువుకుంటోంది. ఫోను చేస్తే తిన్నావా అంటే తిన్నావా అనుకోవడం. నాలిక్కి రుచి తెలియడం పోయింది. షెడ్డులో నీళ్ళ ఉప్పు చూసే మీటరు ఉంది కాబట్టి అక్కడ తప్పు జరగలేదు. వంటింట్లోనే జరిగేది. మావగారు ఎన్నో పూటలు మాట్లాడకుండా తిన్నారు. చివరికి ఓ రోజు మజ్జిగ కలుపుకుంటూ, “అమ్మాయ్, ఆ మీటరేదో ఓసారి వంటింట్లోకి కూడా తేకూడదూ?” అన్నారు. శేషారత్నం గారు నవ్వారు. ఈవిడ కూడా నవ్వారు. “మొహం నవ్విందండి. లోపలేం కాలేదు” అన్నారు నాతో.

అలా ఉండగా వేసవి మొదట్లో హేచరీ నుంచి ఆనంద్ పాల్ గారు స్వయంగా వచ్చారు. హేచరీ మేనేజరు ఆయన. ఎప్పుడూ డ్రైవరే వస్తాడు. ఈయన రావడంతోనే మావగారు కుర్చీ వేయించారు.

“మీ పురుగుల మీద ఫిర్యాదేం లేదండి. ఇంత బలమైన పురుగు నేనెక్కడా చూళ్ళేదు. తల్లి రొయ్యలు ఎగబడి తింటున్నాయి” అని మొదలుపెట్టారు ఆయన. “తింటున్నాయి గానీ, గుడ్లు పిల్లలవట్లేదండి. పెట్టినవి పెట్టినట్టే పాడవుతున్నాయి. నీళ్ళు మార్చాం. మందులు మార్చాం. మిగతా మేతలు మార్చాం. మార్చనిది ఇదొక్కటే.”

మావగారికి కోపం వచ్చింది. “చూడండి బాబూ, నీళ్ళు మంచివో కాదో మేం అందులో చేపపిల్లని వేసి చూస్తాం. బతికితే మంచివి. మా తాతల నుంచీ అదే పరీక్ష. ఈ పురుగులు బతకడం కాదు, కొవ్వెక్కి ఉన్నాయి. వాటిలో చెడేముంటుంది?”

“నేనూ అదే అనుకున్నానండి. అందుకే అన్నిటికన్నా ఆఖర్న ఇక్కడికొచ్చాను.”

కుసుమ గారు ఒక డబ్బాలో పురుగులూ, ఇంకో డబ్బాలో మట్టీ తీసి మూత పెట్టి ఇచ్చారు. వెళ్తూ వెళ్తూ ఆనంద్ పాల్ గారు, మర్యాదగానే, “ప్రసాద్ గారున్నప్పుడు ఎప్పుడూ ఇలా కాలేదమ్మా” అన్నారు. తన చేతిలో ఏదో తప్పు జరిగిందని ఆవిడకి అప్పుడే ఖాయమైంది. ఏం తప్పో వెతుక్కున్నారు. మేత, నీళ్ళు, కడిగిన జల్లెడ. ఏదీ దొరకలేదు.

పరీక్ష ఫలితం చెప్పడానికి హేచరీ ల్యాబులో పనిచేసే భార్గవి వచ్చింది. ఏలూరు అమ్మాయి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, షెడ్డులో తొట్టి గట్టు మీదే కూర్చుంది. పురుగుల ఒంట్లో రాగి చాలా ఎక్కువుంది. కాడ్మియం అనే ఇంకో లోహం కొంత ఉంది. మట్టిలో కూడా అవే.

“మరి ఇవి చావలేదేంటమ్మా?” అన్నారు శేషారత్నం గారు.

“అదేనండీ వీటి గొప్ప. రాగి ఒంట్లోకి రాగానే ఈ పురుగు ఒక ప్రోటీను తయారుచేసుకుంటుంది. ఆ ప్రోటీను రాగిని పట్టుకుని కట్టేస్తుంది, ఎటూ కదలనివ్వదు. ఇంకా ఎక్కువైందనుకోండి, సన్నటి గింజల్లా గట్టిపరిచి ఒంట్లో ఓ పక్కన పడేసుకుంటుంది. కొంచెం కొంచెం రెట్టతో, జిగురుతో బయటికి తోస్తుంది. మిగిలింది దానిలోనే ఉంటుంది. పైకి ఏమీ తెలీదు. తింటుంది, తిరుగుతుంది, పెరుగుతుంది.”

“మరి రొయ్యకేం?”

“రొయ్య దీన్ని నమిలి మింగాక ఆ కట్లు ఊడతాయండి. గింజలైనది చాలామటుకు అలాగే బయటికి పోతుంది. ప్రోటీనుతో కట్టింది మాత్రం రొయ్య పొట్టలో వదిలేస్తుంది. అది గుడ్ల దాకా పోతుంది.”

“విషం తిని కొవ్వెక్కాయన్నమాట” అన్నారు శేషారత్నం గారు.

శ్రీరంగనాయకులు గారు తువ్వాలు భుజం మార్చుకున్నారు. “చస్తే తెలిసేది. బతికి మోసం చేశాయి.”

“పురుగు మోసం చెయ్యడమేంటండీ మీ మాటలు!” అని కసిరారు శేషారత్నం గారు.

భార్గవి మెల్లగా అడిగింది. “ఈ మట్టి ఎక్కడిదండీ? సముద్రపు ఇసుక కాదిది.”

అప్పటికి గాని కుసుమ గారికి తట్టలేదు. ఈ పక్కన వేసవిలో చేపల చెరువు ఎండగడితే అడుగున నల్లటి మెత్తటి మట్టి మిగులుతుంది. దాన్ని గీకి ట్రాక్టరు మీద చేలోకి తోలుకోవడం అందరూ చేసేదే. బలమైన మట్టి. అది పడ్డ చోట వరి నల్లగా, ఒత్తుగా లేస్తుంది. ఆ చెరువులో నాచు పట్టినప్పుడల్లా మైలుతుత్తం జల్లుతారు. నీలం రంగు ఉప్పు పలుకుల్లా ఉంటుంది, అదంతా రాగే. చెరువుకి బలం కోసం సూపర్ ఫాస్ఫేట్ ఎరువు వేస్తారు, దాంట్లో కాడ్మియం కాస్త ఉంటుందట. నీళ్ళు మారతాయి, చేపలు లారీ ఎక్కుతాయి. వేసిందంతా అడుగు మట్టిలో కూర్చుంటుంది, ఏళ్ళ తరబడి.

మొదట తొట్లలో ఉన్నది సముద్రపు ఇసుకే. అది తీయించి ఈ మట్టి పోయించింది ఈశ్వరప్రసాదే, పోయే ముందు వేసవిలో. వరికి పనికొచ్చే బలం పురుగుకెందుకు పనికిరాదన్నాడు. నిజంగానే పురుగులు ఎన్నడూ లేనంత ఏపుగా ఎదిగాయి. రోడ్డున పోయే వాళ్ళని పిలిచి మరీ చూపించాడు.

 

“మట్టి నేను తోలించానమ్మా” అన్నారు మావగారు, భార్గవితో. “వాడికేం తెలుసు. నాదే ఆ ఆలోచన.”

కుసుమ గారు మావగారి వైపు చూడకుండానే అన్నారు. “ఆయనే వేయించారండి. మంచిదనుకుని వేయించారు.”

శేషారత్నం గారు కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయారు.

తప్పు తనది కాదని తెలిశాక కుసుమ గారికి తేలిగ్గా ఉంటుందనుకున్నాను నేను. అడిగితే, “కోపమన్నా రావాలి కదండీ? ఆయన మీద. ఇంత చేసి వెళ్ళిపోయారని. వస్తుందేమోనని ఆ రాత్రంతా చూశాను. రాలేదు” అన్నారు.

ఆనంద్ పాల్ గారి సలహా సూటిగా ఉంది. తొట్లలో సున్నం పోసి అన్నిటినీ చంపేసి, శుభ్రం చేసి, కొత్త పురుగులు తెచ్చుకోండి, అప్పటిదాకా ఆగుతాను. ఆ మాట మంచిదే. కానీ కొత్తవి ఎవరో పెంచినవి. ఇవి పోతే, గోనెసంచిలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చినవాటి జాతి పోయినట్టే. ఆవిడ ఆ మాట ఎవరితోనూ అనలేదు. సున్నం బస్తాలు తెప్పించి షెడ్డు బయట వరసగా పెట్టించారు. విప్పడం మాత్రం విప్పలేదు.

ఈలోగా పీతలు పెంచే దుర్గాసాయి వచ్చాడు. ఎలా తెలిసిందో తెలిసింది.

“చంపెయ్యడమెందుకు అక్కయ్యగారూ, నాకిచ్చెయ్యండి. పీతలకేస్తాను. పీతలకి ఎవరు పరీక్షలు చేస్తారు?”

“ఆ పీతలు ఎవరు తింటారు తమ్ముడూ?”

“ఎక్కడికో పోతాయండి. లారీ ఎక్కాక మనకెందుకు?”

“అయితే మేతయ్యాక మా ఇంటికి ఓ కిలో పంపిస్తావా? మావయ్యగారికి పీతల కూరంటే ఇష్టం. నువ్వూ రా భోజనానికి.”

దుర్గాసాయి నవ్వాడు. ఆవిడ నవ్వకపోయేసరికి నవ్వు ఆపేసి, కాసేపు ఎండల గురించి మాట్లాడి బండెక్కాడు.

ఆ మర్నాడు ఆవిడే భార్గవికి ఫోన్ చేశారు. ఈ జాతికి ఓ పద్ధతుంది. గుడ్లు పెట్టే కాలం వచ్చేసరికి మట్టి వదిలేసి నీళ్ళ పైకి ఈదుకుంటూ వస్తాయి. ఆడదీ మగదీ అక్కడే అంతా వదిలేసి చచ్చిపోతాయి. బతికి బయటపడే తల్లి ఉండదు. “పిల్లలకి ఈ రాగి వస్తుందా అమ్మా?” అన్నది ఆవిడ ప్రశ్న.

భార్గవి ల్యాబులో పెద్దవాళ్ళని అడిగి సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసింది. “చాలా తక్కువే వస్తుందంటున్నారండి. కానీ ఆ మట్టిలో వద్దు. పిల్లలు దాన్ని తట్టుకోలేవు. మంచి ఇసుకలోకి మార్చండి. కొంత రాగి అవే వదులుకుంటాయి. కాడ్మియం వదలదు, అది పట్టుకుంటే పట్టుకున్నట్టే. ఇంకోటండీ, ఇంత మోసిన తల్లులు అసలు పైకొస్తాయో లేదో కూడా చెప్పలేం.”

“రాకపోతే సున్నమెలాగూ ఉందిలే అమ్మా.”

ఇసుక సముద్రపు ఒడ్డు నుంచి వచ్చింది. కుసుమ గారు దాన్ని బోరు నీళ్ళతో కడిగి, తొట్టి తొట్టికీ పాత మట్టిని జల్లెడ పట్టి, పురుగుల్ని చేత్తో ఏరి కొత్త ఇసుకలోకి మార్చారు. కొన్ని తెగాయి. శేషారత్నం గారు పీట వేసుకుని ఎదురుగా కూర్చున్నారు. కాసేపటికి చీర ఎగదోపుకుని తనూ ఓ జల్లెడ అందుకున్నారు. “నా కొడుకు వీటి కోసం చేసిన చాకిరీ నాకెప్పుడైనా చేశాడా?” అని ఓ పురుగుని తిడుతూ జాగ్రత్తగా ఇసుకలో వదిలారు. తీసిన మట్టిని చేలోకి పోనివ్వకుండా మావగారు దగ్గరుండి గొయ్యి తవ్వించి, అడుగున పట్టా పరిపించి అందులో పోయించారు. ఆ ఏడు ఆయన చేలోకి ఏ చెరువు మట్టీ తోలలేదు. పక్క రైతు ఏమయిందని అడిగితే, “ఆయాసంగా ఉందిలే” అన్నారట.

సాధారణంగా ఈ పురుగులు గుడ్లు పెట్టడానికి అమావాస్య వెళ్ళిన రోజుల్లో పైకొస్తాయి. మొదటి అమావాస్యకి ఒక్కటీ రాలేదు. ఇసుక కొత్తది కదా, అలవాటు పడాలి అనుకున్నారు. రెండోసారి కాసిని పురుగులు రంగు మారి, కళ్ళు ఉబ్బి, పైకొచ్చి, ఏమీ వదలకుండానే మళ్ళీ అడుక్కి పోయాయి. ఆనంద్ పాల్ గారు ఫోన్ చేసి, వేరే చోట నుంచి పురుగులు తీసుకుంటున్నానని, తప్పుగా అనుకోవద్దని చెప్పారు. ఈవిడ అనుకోలేదు. ఇంకో అమావాస్య చూసి బస్తాలు విప్పుతానని మావగారితో చెప్పారు. ఆయన తలూపారు.

ఆ అమావాస్య దాటిన రెండోనాడు తెల్లారేసరికి చినుకులు పడుతున్నాయి. కుసుమ గారు షెడ్డు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుండగానే నీళ్ళ చప్పుడు తేడాగా వినిపించింది. చూస్తే తొట్టి మొత్తం కదులుతోంది. పురుగులు మెలికలు తిరుగుతూ, గుండ్రంగా, ఒకదాని మీదుగా ఒకటి ఈదుతున్నాయి. చూస్తూ ఉండగానే నీళ్ళు పల్చటి పాలలా మారాయి. పక్క తొట్టిలోనూ అంతే. ఆ పక్కది కదల్లేదు, చివరిదాకా కదల్లేదు.

ఎక్కువసేపు పట్టలేదు. ఒక్కొక్కటే నెమ్మదించింది. ఒళ్ళు వదులై, ఖాళీ అయి, నీళ్ళలో వేలాడింది. ఆవిడ చిన్న వల గరిటె తీసుకుని చచ్చినవాటిని తీసి బకెట్లో వేశారు. ఒకదాన్ని అరచేతిలో వేసుకుని చూశారు. అది జారిపోలేదు. బకెట్టు గోతి దగ్గరికి మోసుకెళ్ళి, మట్టి మీద పోసి, సున్నం బస్తా అప్పుడు విప్పి పైన జల్లారు. కదలని తొట్టిలో పురుగుల్ని కూడా మధ్యాహ్నానికి అలాగే చేశారు. వానకి సున్నంలోంచి పొగలు వచ్చాయి.

మర్నాడు పొద్దెక్కాక గాజు గ్లాసుతో తొట్టిలో నీళ్ళు ముంచి ఎండకి ఎత్తి పట్టుకున్నారు. ఎండలో దుమ్ము ఎగిరినట్టు, సన్నటి చుక్కలు వాటంతటవే పైకీ కిందికీ తిరుగుతున్నాయి. ఎన్ని బతుకుతాయో తెలీదు. గ్లాసు మళ్ళీ తొట్టిలో వంచేశారు.

ఇంట్లోకొచ్చేసరికి శేషారత్నం గారు వంటింట్లో కాఫీ కలుపుతున్నారు.

“చచ్చిపోయాయండి అత్తయ్యగారూ.”

“ఎవరూ?” ఆవిడ గిరుక్కున తిరిగారు. 

“పురుగులండి. పెద్దవి.”

“వాడు తెచ్చినవా?”

“వాటి పిల్లలేనండి. అన్నీ పోయాయి. వీటి పిల్లలున్నాయి తొట్లో.”

శేషారత్నం గారు చేతిలో గిన్నె కింద పెట్టి, గోడకి ఆనుకుని, కొడుకు పోయిన రోజు ఏడ్చినట్టే గట్టిగా ఏడ్చారు. కుసుమ గారు స్టవ్ ఆపి, తన కొంగుతో ఆవిడ మొహం తుడిచారు. తుడుస్తూనే ఉన్నారు. అత్తగారి కన్నీళ్ళు వేళ్ళకి వెచ్చగా తగిలాయట. “అది తెలిసిందండి, వేడిగా ఉన్నాయని” అన్నారు నాతో. ఇంకేమన్నా అనిపించిందా అని నేనడగలేదు.

ఆ తరవాత కుసుమ గారు కాఫీ రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి అత్తగారి చేతికిచ్చి, ఇంకోటి మావగారికి వీధి అరుగు మీద ఇచ్చి, నీళ్ళ ఉప్పు చూడాల్సిన వేళయిందని షెడ్డుకి వెళ్ళిపోయారు.